సున్నపు వాసన

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బడికి తనిఖీ రానున్నదన్న సంగతి తల్లిదండ్రులకు ఏ నోటీసు వలనను తెలియదు. పిల్లవాని అంగీ మీది సున్నపు మరక వలన తెలియును. నిన్నటి వరకు పెచ్చులూడి ప్రపంచపటమును తమంతట తామే చిత్రించుకొనుచున్న గోడలకు రాత్రికి రాత్రి ధవళిమ ప్రాప్తించుట, ఎన్నడో పోయిన మరుగుదొడ్డి తాళముచెవి దొరకుట, బీరువాలోని పుస్తకములు ఏటికొకసారి సూర్యదర్శనము చేసికొనుట, పప్పుచారులో పప్పు అవతరించుట, ఈ శకునములను చదువనేర్చిన తల్లికి పంచాంగముతో నిమిత్తము లేదు. ఎల్లుండి పెద్ద సార్లు వేంచేయుదురని ఆమె పొయ్యి ముందట కూర్చుండియే చెప్పగలదు. దీనికి వ్యవహారనామము ఆకస్మిక తనిఖీ. ఆకస్మికమగుట ఒక్క అధికారికే. ఊరివారందరకును ముందే తెలిసియుండును.

పూర్వము ఈ మూడు పట్టణములకును కరీంనగరమే దిక్కు. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల యొక జిల్లాయు, రాజన్న సిరిసిల్ల యొక జిల్లాయు అయి, కోరుట్ల జగిత్యాల పాలుపడిన పిమ్మట, ఎవరి కలెక్టరు వారికి, ఎవరి విద్యాశాఖాధికారి వారికి సమకూడిరి. అధికారికిని బడికిని నడుమ దూరము తగ్గినది. ఆ మేరకు సున్నపు ఖర్చు పెరిగినది.

తనిఖీ యనగా నేమో యెరుగని అమాయకులా మనవారు? కాదు సుమా! కొనుగోలు కేంద్రములో వడ్లు పోసిన రైతు, తేమ 17 శాతము దాటినదనియు, తాలున్నదనియు, తరుగు తీయవలసినదనియు వినుచు కుప్ప ప్రక్కన రాత్రులు కాపున్నవాడు. కోరుట్లలో బీడీలు చుట్టు ఆడుబిడ్డ, కట్టలు విప్పి ఇది వదులు, ఇది పొట్టి యని కార్ఖానావారు తీసిపారవేయుచుండగా తన వ్రేళ్ల శ్రమ బుట్ట పాలగుట కన్నులార చూచినది. సిరిసిల్లలో పన్నెండు గంటలు సాంచెల నడుమ నిలుచుండువానికి పోగు తెగిన చోటు ఆమడ దూరమునుండి కనబడును. సర్కారు బడి పిల్లల యూనిఫాం గుడ్డ నేయు పని వీరికి దొరకుచున్నది గనుక, తనిఖీనాడు అధికారి మెచ్చుకొను వస్తువులన్నింటిలో నిజమైన తనిఖీకి నిలిచినది ఆ గుడ్డ యొక్కటియే యని నా యనుమానము. ఇంతటి పరీక్షాదక్షులు బడి గడప తొక్కగానే చేతులు కట్టుకొని, "మాకేం తెలుస్తది సారూ, మీరు సదువుకున్నోళ్లు" అందురు.

తెలియవలసినది కొండంత లేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ననుసరించి ఐదవ తరగతి వరకు ఏటికి 200 పనిదినములుండవలెను. 200 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో 30 మందికొక ఉపాధ్యాయుడుండవలెను. బాలురకును బాలికలకును వేరువేరు మరుగుదొడ్లు, త్రాగునీరు, ఆటస్థలము, గ్రంథాలయము ఉండవలెను. వీనిని చూచుటకు బి.ఎడ్. పట్టముతో పనిలేదు, కండ్లుండిన చాలును. ప్రతి బడికిని 11 అంకెల యూడైస్ సంఖ్య యొకటి గలదు. గదులెన్ని, గురువులెందరు, కుళాయి కలదా లేదా యని బడివారే స్వయముగా నింపిన వివరములను దాని వలన తెలిసికొనవచ్చును. కాగితము మీద కుళాయియు బడిలో బిందెయు నున్నచో, రెండింటిలో ఏది నిజమో దాహమైన పిల్లవానిని అడుగవచ్చును. పైగా, బడి యాజమాన్య సంఘములో నూటికి 75 వంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు ఆ చట్టమే విధించినది. మన రాష్ట్రమున 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలును వెలసినవి. అనగా తనిఖీదారులలో తొలివారు తల్లులు. ఈ రహస్యము తల్లులకు తప్ప దస్తరములన్నింటికిని తెలియును.

ప్రైవేటు బడుల సంగతి వేరు. అచ్చట తనిఖీ తల్లిదండ్రులే జరుపుదురు: బస్సు రంగును, టై ముడిని, గేటు ఎత్తును. దుబాయిలోనున్న తండ్రి వీడియో కాల్‌లో బూట్ల మెరుపు చూచి తలయూచును. గుర్తింపు పత్రము లేక బడి నడుపరాదని చట్టము. ఆ పత్రము చూపుడని అడిగిన తండ్రిని నేనింతవరకు చూడలేదు. ఒకటవ తరగతి ప్రవేశమునకు పరీక్ష పెట్టరాదని అదే చట్టము. మా పాప ఇంటర్వ్యూలో నెగ్గినదని మిఠాయి పంచుట మన ఆచారము.

అంగన్‌వాడీని మాత్రము ఎవరును బడి యనరు, గుడ్లు పంచు దుకాణమందురు. 1975 అక్టోబరు 2న దేశమున 33 బ్లాకులలో మొదలైన ఈ సమగ్ర శిశు అభివృద్ధి పథకమును చూచుటకు సూపర్‌వైజరమ్మయు, ఆమెకు పైన సీడీపీఓ గారును గలరు. వారు చూచునది రిజిస్టరును, సెల్‌ఫోనును. తల్లి చూడవలసినది బిడ్డ బరువు గీతను. అది ఆకుపచ్చ పట్టీలో నిలిచినదా, పసుపులోనికి జారినదా, నారింజలో పడినదా యని కార్డు చేతబట్టి అడుగుటయే ఆమె చేయవలసిన తనిఖీ. అయితే నెలకు రెండున్నర కిలోల బాలామృతమును తెచ్చి బర్రెకు దాణాగా కలుపు ఇండ్లును లేకపోలేదు. అట్టి ఇంట సూపర్‌వైజరమ్మ వచ్చిననాడు బిడ్డను గాక బర్రెను తూచుట న్యాయము.

ఇంగ్లండు సీమలో 1992లో వెలసిన ఆఫ్‌స్టెడ్ అను తనిఖీ సంస్థ బడి యోగ్యతనంతయు ఒక్క మాటలో తేల్చి లోకమునకు చాటెడిది. ఆ మాటను బట్టి అచ్చటివారు ఇండ్లు కొనుచుండిరి, మనము వాస్తు చూచి కొనుచున్నట్లే. ఒక్క మాట చాలదని 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడుల విషయమున ఆ పద్ధతి మానుకొనిరి. మనకా చిక్కు లేదు; మన నివేదికలో ఒక్క మాటయైనను తల్లి చెవిని సోకదు.

తనిఖీల వలన మేలే లేదని నేననను. గత శతాబ్దారంభమున ఉత్తర సర్కారుల బడులు చూడవచ్చిన యేట్స్ దొర, జనులు మాటాడు తెలుగొకటియు పుస్తకములలోని తెలుగొకటియు నేల యని ప్రశ్నింపగా, ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి చేతిలో వ్యావహారిక భాషోద్యమమై పెరిగినది. అధికారి గోడలు చూచుట మాని నోళ్లు విన్నందులకు ఫలమది. ఆ ఉద్యమము నెగ్గి ఇన్నేండ్లయినను నేనిట్లు వ్రాయుచుండుట, తనిఖీ సిఫారసులు అమలగు తీరునకు మంచి దృష్టాంతము.

మధ్యాహ్న భోజనము వడ్డించుటకు ముందు, ఉపాధ్యాయునితో కూడ ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూచి వ్రాతపెట్టవలెనని యొక నియమము గలదు. కోరుట్ల దాపున నొక పల్లెలో, కారు బయలుదేరినదని ఫోను వచ్చిన వేళకు ఆ పుస్తకము నెలదినములుగా ఖాళీగా నున్నట్లు కనుగొన్న సారు, ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టుచున్న బాపమ్మను పిలిపించి, వరుసగా ముప్పది గడులలో వేలిముద్రలు వేయుమనెను. తంబాకు రాపిడికి గీతలరిగిన బొటనవ్రేలిని ఇంకు ప్యాడు మీద ఆనింపబోయి ఆమె ఆగినది.

"గిండ్ల ఏం రాసిండ్లు సారూ?"

"అన్నం మంచిగున్నదని నువ్వు చెప్పినట్టు, అవ్వా."

"నేనెప్పుడు తింటి?"

"కాగితం కోసమే అవ్వా. జల్ది కానియ్యి, సార్లొస్తున్నరు."

ఆమె చేయి కొంగునకు తుడుచుకొని, పళ్లెములు పట్టుకొని కూర్చున్న పిల్లల బంతిలో చతికిలబడినది.

"అయితె ఇంత బువ్వ పెట్టున్రి. ముప్పై దినాలది ఒక్కపారి తినుడు నాతోని గాదు గని, ఇయ్యాలటిది తింట. ఇయ్యాలటిదానికే ఏలేస్త."