ఎడమకు లాగు కారు: టీకాతాత్పర్యసహితము

అవతారిక: కొత్త కారు కొని రెండు నెలలు నిండకమునుపే మూడు మారులు సర్వీసు సెంటరుకు పోయివచ్చిన యొకానొక గృహస్థు, అచటి వెయిటింగు హాలులో మిషను కాఫీ త్రాగుచు, మూడవ జాబుకార్డు వెనుక వ్రాసికొనిన ఆటవెలది యిది.

కొత్త కారు కొంటి, గుడిచుట్టు తిప్పితి;
చక్క నడుపుచుండ జరుగు నెడమ;
"చూచినాము సారు, చొక్కమే" యని పల్కు
సర్వమెరుగునట్టి సర్విసయ్య.

టీక: కొత్త కారు = సీట్ల పాలిథీను కవరు ఇంకను ఊడదీయని బండిని; కొంటి = 84 నెలల వాయిదాలపై కొంటిని; గుడిచుట్టు తిప్పితి = చక్రముల క్రింద నిమ్మకాయలు నలిపించి ప్రదక్షిణము చేయించితిని; చక్క నడుపుచుండన్ = తిన్నగా నడుపుచుండగా; ఎడమన్ జరుగున్ = ఎడమప్రక్కకు పోవును; సర్వము ఎరుగునట్టి = సమస్తము తెలిసిన; సర్విసయ్య = సర్వీసు అడ్వైజరు; సారు = ఓ అయ్యా; చూచినాము = పరీక్షించితిమి; చొక్కమే = దోషము లేనిదే, లోకభాషలో 'ఓకే'; అని పల్కున్ = అని చెప్పును.

తాత్పర్యము: కారు కొత్తది, దాని రోగము మాత్రము పాతబడుచున్నది.

విశేషములు:

1. ప్రదక్షిణమున కుడికి తిరిగిన బాకీ తీర్చుకొనుటకే బండి ఎడమకు పోవుచున్నదని ఇంటి పెద్దల వ్యాఖ్య. అది త్యాజ్యము.

2. 'చూచినాము' అను బహువచనము విచార్యము. చూచినదెవరు? అలైన్‌మెంటు మిషను. అది టో, కాంబరు, కాస్టరు అను మూడు కోణములను కొలిచి తెరపై పచ్చరంగు చూపినది. పచ్చరంగు కనబడినచోట ప్రశ్న ముగియుననుట సర్వీసు సంప్రదాయము.

3. పూర్వపక్షము: "వాన నీరు జారుటకై రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేయుదురు. మనము ఎడమన నడుపువారము. కావున ఎడమకు జారుట రోడ్డు గుణమే గాని బండి దోషము గాదు."

సమాధానము: కొంత నిజమే. కాని చదును నేలపై, చక్రములన్నిట సరియైన గాలి యుండగా గూడ ఎడమకే పోవు బండికి రోడ్డుపై నెపము చెల్లదు. ఇచట అన్వయవ్యతిరేకములే శరణ్యము. నాల్గవ మారు మెకానిక్కు కుర్రవాడొకడు, ఎవరు చెప్పకయే, ముందరి చక్రములను అటుది ఇటు, ఇటుది అటు బిగించెను. బండి కుడికి లాగెను! ఆ టైరు ఎటున్న లాగుడు అటు: అన్వయము. ఆ టైరు తీసి స్టెపినీ వేయగా లాగుడు లేదు: వ్యతిరేకము. టైరు లోపలి ఉక్కుతీగల పట్టీ ఒకవైపునకు రవంత ఒరిగి అతుకుకొన్నచో, చూచుటకు గుండ్రని టైరే గరాటువలె ఒక ప్రక్కకు దొర్లజూచును. కోణములు కొలుచు మిషనుకు ఈ వంకర కానరాదు.

4. టైరు వారంటీ సాధారణముగా టైరు కంపెనీది, కారు కంపెనీది గాదు. ఈ ద్వైతసిద్ధాంతముపై వాదము మరి రెండు వారములు జరిగెను.

5. 'సర్విసయ్య': ఛందస్సు కొరకు 'వీ' దీర్ఘము పోయినది. నిరీక్షణకు మాత్రము దీర్ఘము పోలేదు.

6. అలంకారము శ్లేష. 'సర్వము + ఎరుగు' అని విడదీసిన సర్వజ్ఞుడు. 'సర్వ + మెరుగు' అని విరిచిన, బండినంతయు కడిగి మెరుగుపెట్టువాడు. రెండవదానికి వ్యాకరణము ఒప్పదు గాని అనుభవము ఒప్పును. ప్రతి మారును బండి తళతళలాడుచునే, ఎడమకు పోవుచునే, ఇల్లు చేరినది.

ఫలశ్రుతి: కొత్త టైరు వేసిన పిమ్మట బండి తిన్నగా పోవుచున్నది. గృహస్థు చేతులు మాత్రము, మూడు నెలల అలవాటున, స్టీరింగును ఇంకను కుడికే లాగుచున్నవి.