అప్పు రేపు: లఘుటీక

మూలము: అప్పు రేపు.

మా సందు చివరి కిరాణా కొట్టులో, కాటా వెనక గోడకు మేకుతో కొట్టిన రేకు మీద ఉందీ కృతి. కర్త కొట్టాయనే. ఎవరిని చూసి పుట్టిందో మాత్రం తెలియదు. అగరొత్తుల మసి పట్టి రెండో ‘పు’ కొమ్ము సగం చెరిగింది, అర్థానికి లోటు రాలేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు కొలచల మల్లినాథసూరి. నాకంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థము: అప్పు = ఋణము; రేపు = మరునాడు; ‘ఇవ్వబడును’ అని అధ్యాహారము. ఇచ్చే ఉద్దేశమే లేనప్పుడు క్రియ ఎందుకని కవి దాన్ని రాయలేదు.

సంధి: ‘రే’లో ముందున్నది హల్లు కనుక ఉత్వసంధికి తావు లేదు. కొట్టాయనతోనూ కుదరలేదు.

శ్లేష: పంచభూతాల లెక్కలో అప్పు అంటే నీరు. నీళ్లు రేపు. ఈ అర్థం మా వీధి కుళాయికి అతికినట్టు సరిపోతుంది. ‘రేపు’ను క్రియగా తీసుకుంటే అప్పు రేపును, అనగా ఆశలను, తగవులను, మానిన పుండ్లను.

ధ్వని: వాచ్యార్థం విధి. రేపు రా, ఇస్తాను. రేపు వెళ్తే రేకు మీద మళ్లీ రేపే. అక్కడ ముఖ్యార్థానికి బాధ కలుగుతుంది, మనకూ కలుగుతుంది. అసలు చెప్పదలచింది నిషేధం: ఎన్నటికీ లేదు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ఆనందవర్ధనుడు ఇలాంటిదానికే ఒక ప్రాకృత గాథను ఉదాహరించాడు. అందులో ఒకామె, కుక్క పీడ పోయింది, హాయిగా తిరుగు స్వామీ అంటుంది. అంటూనే, దాన్ని చంపింది గోదావరి ఒడ్డు పొదలో ఉండే సింహం అని చల్లగా చెబుతుంది. ఇక స్వామి అటు వెళ్తాడా? మా కొట్టులో సింహం ఆ రేకే.

పాఠభేదాలు: కొన్ని ప్రతులలో ‘అరువు రేపు’. సరుకుకు అరువు, డబ్బుకు అప్పు అని పట్టుబట్టేవారు దీన్నే మెచ్చుతారు. తెలంగాణ ప్రతులలో ‘ఉద్దెర’. అది భగణం, ఇంద్రగణాల్లో చేరుతుంది, ఇక్కడ ఇమడదు.

ఛందస్సు: ‘అ’ హ్రస్వమే అయినా పక్కన ద్విత్వం ఉండబట్టి గురువైంది, పక్కన గట్టి జామీనుదారుంటే ఎవడైనా పెద్దమనిషి అయినట్టు. అప్పు ఒక గలం, రేపు ఇంకో గలం. రెండూ సూర్యగణాలే. ఇలాంటివి అయిదు వరసగా నిలబడితే ఆటవెలదికి రెండో పాదమో నాలుగో పాదమో అవుతుంది. అంటే కొట్టాయన రెండు గణాలు రాసి మూడు బాకీ పడ్డాడు. అప్పివ్వనివాడు బాకీ పడటం నాకు భలే నచ్చింది. నిన్న సాయంత్రం, జేబు ఖాళీగా ఉన్న ధైర్యంతో, ఆ మూడూ నేనే పూరించాను:

అప్పు రేపు నేడు పప్పు చాలు

నాలుగో గణం దగ్గర ‘అప్పు’కు ‘పప్పు’ ప్రాసయతి. ‘అరువు’ అని చదివితే గణం చెడదు, నగణమూ సూర్యగణమే. ప్రాసయతి మాత్రం గంగలో కలుస్తుంది. కాబట్టి ‘అప్పు’ అన్నదే శుద్ధపాఠం.

పాదం వినిపించి కిలో కందిపప్పు అడిగాను. కొట్టాయన తలూపాడు.

“రెండో పాదం బాగుంది మాస్టారూ. మొదటిది నా దగ్గరుంది.”

గల్లాపెట్టె కింద నుంచి ఖాతా పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని, నా పేరున్న పేజీ తిప్పాడు. మూడొందలను ఇంకా మున్నూరు అనే మనిషి ఆయన.

“పప్పు, చింతపండు, బాకీలు మున్నూరు.”

పైన తారీకు చూశాను. ఆ రేకు గోడెక్కడానికి సరిగ్గా ముందు రోజు. వేళ్ల మీద లెక్కపెట్టాను. సూర్యగణాలు మూడు, ఇంద్రగణాలు రెండు, ‘ప’కు ‘బా’ యతి. ఎక్కడా దోషం దొరకలేదు.