రెండెకరాల జేమ్స్ బాండ్

కరీంనగర్ కన్సల్టెన్సీల్లో డేటా సైన్స్ పాతబడింది. కొత్త సరుకు దిగింది: లండన్‌లో ‘ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ’ ఎమ్మే. ఫీజే ఇరవై లక్షల పైమాట. రెండెకరాలు బేరం పెట్టిన తండ్రి అడుగుతాడు: “గీ కోర్సు జేస్తే ఏం నౌకరొస్తది సార్?” కౌన్సెలర్ గొంతు తగ్గిస్తాడు: “అంకుల్, అది సీక్రెట్.”

నిజంగానే సీక్రెట్. ఎంఐ5, ఎంఐ6లకు బ్రిటిష్ పౌరులైతేనే పనికొస్తారు. ఇటు తిరిగొస్తే, మన ఇంటెలిజెన్స్ బ్యూరో 2025లో 3,717 ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) పోస్టులు వేసింది. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 18 నుంచి 27. అదే హాల్లో పక్క బెంచీ మీద బీకాం పిల్లగాడు కూర్చుని అదే పేపర్ రాస్తాడు. వాడి పొలం వాడికే ఉంటుంది. ‘రా’ సంగతంటారా, అక్కడ దరఖాస్తు ఫారమే ఉండదు.

సరే, చదువు చదువే. మనవాడు లండన్‌లో ఎంచుకునే డిసర్టేషన్ టాపిక్ చూస్తేనే ముచ్చటేస్తుంది: ఉత్తర తెలంగాణలో తిరుగుబాటు, దాని అణచివేత. 1978 నాటి రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర ఒక ఫుట్‌నోట్, నక్సలైట్ల వేటకు 1989లో పుట్టిన గ్రేహౌండ్స్ ఇంకో ఫుట్‌నోట్. వాళ్ల నాయనమ్మ పగలు స్పెషల్ పార్టీ పోలీసులకు నీళ్లిచ్చింది, రాత్రి నక్సలైట్ల దళానికి అన్నం వండింది. నిన్న ఎవరొచ్చిండ్రని ఇద్దరూ అడిగితే ఇద్దరికీ ఒకటే జవాబు: “నాకెర్కలేదు బిడ్డా.” ఇన్‌ఫార్మర్ ముద్ర పడితే ప్రాణం పోయే రోజులవి. ఆ విద్యకు క్రెడిట్లిచ్చే యూనివర్సిటీ లేదు. మనవడు ఆమెనడగడు, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుంటాడు.

అసలు ఈ సబ్జెక్టుకు మొదటి క్లాసు ఆదిలాబాద్ అడవిలోనే జరిగింది. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కుమ్రం భీమును చంపేశాక, గోండులెందుకు తిరగబడ్డారో కనుక్కోవాలని నిజాం సర్కారుకు తోచింది. ముందు తూటా, తర్వాత సిలబస్. ఆ పనికి దొరికినవాడు మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్. పుట్టింది ఆస్ట్రియాలో, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, నడుస్తున్నది ప్రపంచ యుద్ధం. అంటే బ్రిటిషోళ్ల లెక్కలో శత్రుదేశపు పౌరుడు. ఇవాళైతే సెక్యూరిటీ క్లియరెన్స్ మొదటి గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. ఆయన మార్లవాయిలో గడ్డి ఇల్లు వేసుకుని గోండీ నేర్చుకున్నాడు. భూములు చేజారడమే గొడవకు మూలమన్నాడు. గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు.

ఆయన రాసింది ఎవరు చదివారో గానీ, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ ఆ భూమి గొడవ మీదే సభకొచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క 60 దాకా. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ తేదీ వచ్చిందంటే అక్కడ 144 సెక్షన్. నివాళికొచ్చేవాళ్లను ఆపడానికి అమరుల స్తూపం దారిలో తుపాకులతో కాపలా. ఆ స్తూపం ఎవరి మీద దూకబోతోందని సమాచారం అందిందో, ఆ ఫైలొక్కటి చదవాలని ఉంది.