మే నెల బాబాయి

ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు వేసవి సెలవులిస్తారు. ఆ మర్నాటి నుంచి హైదరాబాదులో కాపురమున్న ప్రతి బాబాయికీ ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "పిల్లలు సిటీ చూస్తామని ఒకటే గొడవరా, ఓ పది రోజులు నీ దగ్గర దింపుతాం" అంటాడు అన్నయ్య. తోడల్లుడైతే అడగడు కూడా. పిల్లల్ని బస్సెక్కించి, బస్సు నంబరు చెప్తాడు. ఈ గండం గట్టెక్కే తీరును బట్టి బాబాయిలు రెండు రకాలు. మొదటి రకం వాడు పిల్లల్ని మొదటి రోజు వాటర్ పార్కుకి, రెండో రోజు మల్టీప్లెక్సుకి తీసుకెళ్లి, అక్కడ పాప్‌కార్న్ బిల్లు చూసుకుని, మూడో రోజు నుంచి ఆఫీసులో ఆడిట్ ఉందని చెప్పి రాత్రి పదింటికి ఇల్లు చేరతాడు. ఇతని కథ ఇంతే.

రాయదగ్గవాడు రెండో రకం బాబాయి. ఇతను వనస్థలిపురంలో ఉంటాడు, లేకపోతే కూకట్‌పల్లిలో ఉంటాడు. ఎక్కడున్నా బస్టాపుకి నడిచే దూరంలోనే ఉంటాడు. పిల్లలొస్తున్నారంటే ఇతని మొహం వెలిగిపోతుంది. ఏడాది పొడుగునా పోగేసిన విద్యను ప్రదర్శించే నెల అది. చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన గుడ్డసంచి. అందులో రెండు లీటర్ల స్టీలు సీసా, తడి తుండుగుడ్డ, పాత గొడుగు, పులిహోర డబ్బా, నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు. అన్నిటికన్నా పైన, పేపరు సిటీ పేజీలోంచి కత్తిరించిన 'నేడు నగరంలో' ముక్క. రాజకీయాలు, క్రికెట్, సినిమా వార్తలు అతనికి తర్వాత. ముందు ఆ నాలుగంగుళాల కాలమ్. "ప్రవేశం ఉచితం" అన్న మాట కనబడితే కింద ఎర్రగీత పడుతుంది. "అనంతరం అల్పాహారం" అని ఉంటే రెండు గీతలు.

ఇతన్ని పిసినారి అనుకుంటే పొరపాటే. పిసినారి ఇంట్లోంచి కదలడు. బాబాయి ఇంట్లో ఉండడు. పైగా అతనికో ధర్మశాస్త్రం ఉంది: ఉచితం వేరు, ఎగ్గొట్టడం వేరు. బస్సులో టికెట్ లేకుండా ఒక్క స్టేజీ దాటడు. పిలవని పెళ్లికి వెళ్లడు, ఎదురుగా ఏసీ ఫంక్షన్ హాలు నోరు తెరుచుకుని పిలుస్తున్నా సరే. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. గుంటూరు తోడల్లుడి పెద్దకొడుక్కి మార్చిలో పదిహేను నిండాయి. చూడ్డానికి పన్నెండేళ్లవాడిలా ఉంటాడు, గేటు దగ్గర ఎవరూ అడగరు. అయినా బాబాయి గోల్కొండ దగ్గర పాతిక రూపాయలు పెట్టి వాడికి టికెట్ కొన్నాడు. కొన్నాక ఆ పాతిక రాబట్టే బాధ్యత వాడిమీదే పెట్టాడు. బాలాహిస్సార్ దాకా 300 పైచిలుకు మెట్లు ఎక్కించాడు, దింపాడు, "కింద నీళ్ల సీసా మర్చిపోయానురా" అని మళ్లీ ఎక్కించాడు. మిగతా పిల్లలు ఉచితం కాబట్టి నీడలో కూర్చోనిచ్చాడు.

గోల్కొండలో బాబాయి గైడును మాట్లాడుకోడు. అలాగని చరిత్ర వదులుకోడు. ఎవరో మాట్లాడుకున్న గైడుకి ఆరడుగుల దూరంలో నిలబడి, పైకప్పు కమాను పరిశీలిస్తున్నట్టు తల పైకెత్తి, చెవి మాత్రం అటు పడేస్తాడు. గైడు ఓరగా చూస్తే పక్క గుంపుకి మారతాడు. ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు కొండమీద వినిపించడం ఒక గుంపు దగ్గర, భద్రాచలం రామదాసును తానీషా చెరలో పెట్టించడం ఇంకో గుంపు దగ్గర, 1687లో ఔరంగజేబు కోటను పట్టుకోవడం మూడో గుంపు దగ్గర విన్నారు పిల్లలు. ఇంటికొచ్చాక చిన్నది పిన్నికి చెప్పిన చరిత్ర ఇది: రామదాసు చప్పట్లు కొడితే ఔరంగజేబు దొరికిపోయాడు, అప్పుడు తానీషా అతన్ని జైల్లో వేశాడు.

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం. కొన్నేళ్లుగా ఆ రోజు ఈ కట్టడాలకు ఎవరికీ టికెట్ ఉండటం లేదు. కానీ అప్పటికి మన బడులు మూయరు. వారం రోజుల తేడాలో జరిగిపోతున్న ఈ అన్యాయం గురించి బాబాయి ఢిల్లీకి ఓ ఉత్తరం రాశాడు. తపాలా ఖర్చు పెట్టి రాశాడంటే విషయం ఎంత తీవ్రమైనదో మీరే ఊహించుకోండి.

సాలార్‌జంగ్ మ్యూజియానికి టికెట్ ఉంది, కాబట్టి అక్కడ లెక్క వేరు. అక్కడి పెద్ద గడియారం ముందు గంట గంటకీ జనం పోగవుతారు. తలుపు తెరుచుకుని ఒక బుల్లి మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన గడియారం అది. తెలియనివాళ్లు ఏ ఒంటిగంటకో వెళ్తారు. ఒక్క దెబ్బ. టికెట్ మాత్రం అంతే. బాబాయి సరిగ్గా పన్నెండుకు ఐదు నిమిషాల ముందు పిల్లల్ని ముందువరసలో కూర్చోబెడతాడు. పన్నెండు దెబ్బలు! "చూశారా, ఇదే డబ్బుకి పన్నెండు రెట్లు" అంటాడు. ఆ తర్వాతే మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. రాతితోనే ముసుగు, ఆ ముసుగులోంచి మొహం. అక్కడ మాత్రం బాబాయి లెక్కలు మాట్లాడడు. చాలాసేపు నిలబడతాడు. పిల్లలు చెయ్యి లాగుతారు.

నిజానికి ఈ నగరంలో పదేళ్లుగా ఉంటూ రెబెకాను చూడనివాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకి మాల్ పార్కింగులో ఏ స్తంభం దగ్గర చోటు దొరుకుతుందో తెలుసు. బాబాయిని చూసి ఎక్కువగా నవ్వేది వాళ్లే.

సాయంత్రాలు ట్యాంక్‌బండ్. విగ్రహాలు చూపించి పేర్లడుగుతాడు. చెప్పినవాడికి పల్లీలు, చెప్పలేనివాడికి సగం పల్లీలు. నీళ్ల మధ్య బుద్ధుడి దగ్గరికి పడవలో వెళ్దామని పిల్లలంటే, "దూరం నుంచి చూస్తేనే ఆయన ప్రశాంతంగా కనబడతాడు. దగ్గరికెళ్తే చేతిలో టికెట్ కనబడుతుంది" అంటాడు. బిర్లా మందిరానికి పొద్దుగూకాకే తీసుకెళ్తాడు, ఎండలో ఆ పాలరాయి మీద కాలు పెట్టలేం. గుళ్లో గంటలేవని పిల్లలు వెతికితే, ధ్యానానికి భంగమని పెట్టలేదని చెప్తాడు. పక్కనే ప్లానిటోరియం బోర్డు చూసి కుర్రాడు ఆగితే మాత్రం, "నక్షత్రాలు మన మేడమీద కూడా ఉన్నాయిరా" అని చెయ్యి పట్టుకుని దింపేస్తాడు. పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల నీడ, చిక్కడపల్లి గ్రంథాలయంలో ఫ్యాను కింద చందమామ పాత సంపుటాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. చూడ్డానికి డబ్బులడగరు, బాబాయి చూస్తూనే ఉంటాడు. నగరపాలక సంస్థ వాళ్ల వేసవి క్రీడా శిబిరాల్లో చాలా ఆటలకు రుసుము పది రూపాయలే. ఎక్కువ రోజులుండే పిల్లల్ని అక్కడ చేర్చి, పొద్దున్న రెండు గంటలు తను నిద్రపోతాడు.

ఇక మిట్టమధ్యాహ్నం. నలభై రెండు డిగ్రీలు. అసలు పరీక్ష ఇదే. ఐకియా దుకాణం ఉంది కదా, దేశంలో మొదటిది, 2018 ఆగస్టు 9న ఇక్కడే తెరిచారు. గదులకు గదులు అమర్చిపెట్టి ఉంటాయి, ఎవరైనా తిరగొచ్చు. పిల్లలు తలో గది పంచుకుంటారు. పిన్ని ఒక నమూనా వంటింట్లో కుర్చీలాక్కుని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆవిడ పని చెయ్యని వంటిల్లు ఈ భూమ్మీద అదొక్కటే.

అయినా బాబాయికి ఇష్టమైన చల్లటిచోటు రవీంద్రభారతి. 1961 నుంచి ఉంది. సభల్లో చాలావాటికి టికెట్ ఉండదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనూ అంతే, ఎప్పుడు చూసినా ఎవరికో ఒకరికి సన్మానం. శనివారమైతే రవీంద్రభారతిలోనే పైడి జైరాజ్ థియేటర్లో 'సినివారం' చిన్న సినిమాలు, అవీ ఉచితమే. కూచిపూడి అరంగేట్రం, పుస్తకావిష్కరణ, సంతాప సభ, ఏదైనా సరే బాబాయి దండు మూడోవరసలో ఉంటుంది. మొదటివరస అతిథులది, రెండోవరస అతిథుల బంధువులది, మూడోవరస ఏసీ గాలి నేరుగా తగిలేది. వందన సమర్పణ అయ్యేదాకా లేవడు. ముందే లేచిపోతే అమర్యాద, పైగా ఉప్మా తర్వాతే వస్తుంది.

ఒకసారి ఓ కవిసమ్మేళనానికి వెళ్లారు. కవులు నలభైమంది, శ్రోతలు బాబాయి దండు ఆరుగురు. ప్రతి కవీ తన వంతు అయిపోగానే మెల్లగా జారుకున్నాడు. నలభయ్యో కవికి హాల్లో మిగిలినవాళ్లు నిర్వాహకుడు, మైకు కుర్రాడు, వీళ్లు. నిర్వాహకుడి కళ్లు చెమర్చాయి. "ఇటువంటి సాహిత్య కుటుంబాలు ఇంకా ఉన్నందుకే తెలుగు బతికుంది" అని బాబాయిని వేదికమీదికి పిలిచి శాలువా కప్పాడు. మే నెలలో శాలువా! బాబాయి దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అతనికి ఉచితంగా వచ్చినవాటిలో ఉపయోగం లేనిది అదొక్కటే అనుకున్నాం. తర్వాతి నెలలో గృహప్రవేశానికి వెళ్తూ దాన్నే పట్టుకెళ్లాడు.

దారిలో చలివేంద్రాలుంటాయి. వాటి మీద బాబాయి పరిజ్ఞానం పరిశోధక విద్యార్థులకు ఉపయోగపడుతుంది. మార్వాడీ సంఘాల వాళ్లది చల్లగా ఉంటుంది. కాలనీ సంఘం వాళ్లది కుండ నీళ్లు, రుచి. పార్టీల వాళ్లది ప్రారంభోత్సవం రోజున మజ్జిగ, మర్నాడు నీళ్లు, మూడోరోజు బ్యానర్. కాబట్టి ప్రారంభోత్సవాల తేదీలు అతని దగ్గరుంటాయి. మజ్జిగలో అల్లం, కరివేపాకు పడ్డాయంటే కార్పొరేటర్ స్వయంగా వస్తున్నాడన్నమాట.

ఇక ప్రయాణం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లోనూ, ఊళ్లకెళ్లే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్ లేదు. కండక్టరు జీరో టికెట్ చింపి ఇస్తాడు. ఐతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తెలంగాణది కావాలి. ఈ ఒక్క నిబంధన బాబాయి బంధుప్రీతిని తలకిందులు చేసింది. ఖమ్మం అన్నయ్య కూతుళ్లు ముగ్గురూ వస్తున్నారంటే ఎదురెళ్లి స్వాగతం చెప్తాడు. గుంటూరు తోడల్లుడి కూతుళ్లంటే, "వాళ్లని దసరాకి రమ్మనవే" అంటాడు పిన్నితో. అక్క పిల్లల్ని అలా అనేసరికి పిన్ని ఊరుకోలేదు.

ఆ ఊరుకోకపోవడమే కథని మార్చింది. బాబాయి ఖర్చుల పుస్తకంలో ఎన్నడూ ఎక్కని ఖర్చు ఒకటుంది. పొద్దున్న నాలుగున్నరకి లేచి ఆరుగురికి పులిహోర కలిపి, సీసాలు నింపి, సాయంత్రం వచ్చాక ఆరుగురి దుమ్ముబట్టలు ఉతికే పిన్ని ఖర్చు అది. ఒకరోజు ఆవిడ పులిహోర కలపలేదు. చీర మార్చుకుని, కాలనీలో ఇంకో నలుగురు ఆడవాళ్లతో కలిసి, ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని యాదగిరిగుట్ట బస్సెక్కింది. "మీరే కదండీ చెప్పారు, ఉచితంగా దొరికింది వదులుకోకూడదని" అని ఫోన్లో చెప్పింది. ఆ మధ్యాహ్నం బాబాయి పిల్లలకి హోటల్ నుంచి భోజనం తెప్పించాడు. ఆ బిల్లు ఎంతో ఇప్పటికీ చెప్పడు. పిన్నికి మాత్రం దారి తెలిసిపోయింది. తర్వాతి వారం వేములవాడ.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వాళ్లు ఉబ్బసం ఉన్నవాళ్లకి చేప ప్రసాదం పంచుతారు. శాస్త్రీయ ఆధారం లేదని డాక్టర్లంటారు. బాబాయికి ఉబ్బసం లేదు కాబట్టి ఆ చర్చలోకి దిగడు. సేవా సంఘాల వాళ్లు పెట్టే భోజనాలు, క్యూల హడావుడి పిల్లలకి చూపించాలని వెళ్తాడు, అంతే. అక్కడా ఒక విషయం కనిపెట్టి మురిసిపోయాడు: మందు ఉచితమే గానీ కొర్రమీను పిల్లని మనమే కొనుక్కోవాలి, శాకాహారులకైతే బెల్లంలో పెట్టి ఇస్తారు.

జూన్ 12న బడులు తెరుస్తారు. మీకూ హైదరాబాదులో ఇలాంటి బాబాయి ఉంటే వచ్చే మే నెలలో పిల్లల్ని తప్పకుండా పంపండి, బాగా చూపిస్తాడు. ఆడపిల్లలైతే ఆధార్ కార్డు ఇచ్చి పంపండి. పిన్నికి మాత్రం ఏదైనా కొని పంపండి, డబ్బు పెట్టి.