దొరగారి ఉత్సవ విగ్రహం

మన గుళ్లలో మూలవిరాట్టు గర్భగుడి గడప దాటడు. ఊరేగింపులకీ తెప్పోత్సవాలకీ ఉత్సవ విగ్రహం వేరే ఉంటుంది. ఈ ఆగమం ఇంగ్లీషు దొరలకి ఎవరు నేర్పారోగానీ, ఆచరించడంలో మన అర్చకస్వాములనే మించిపోయారు. మూలవిరాట్టు లండన్‌లో కొలువుంటే, వలసకొక ఉత్సవమూర్తి ఓడెక్కి బయల్దేరేవాడు. ఆ కొలువుకి నౌకాదళ సేనానులంటే మహా మోజు. ఛాతీ నిండా పతకాలు, తళతళలాడే గుండీలు. పల్లకీ ఎక్కించడానికి ఇంకేం కావాలి?

అలా 1902 మేలో సిడ్నీలో వేంచేసినవాడే న్యూ సౌత్ వేల్స్ గవర్నరు వైస్ అడ్మిరల్ సర్ హ్యారీ రాసన్. ఈ విగ్రహాన్ని ఏ కొలిమిలో పోశారో చూద్దాం.

1896 ఆగస్టు 27, జాంజిబార్. అప్పటికే సుల్తాను పోయాడు. తమకు నచ్చినవాణ్ణి కాదని ఖాలిద్ అనే కుర్రాడు గద్దెనెక్కాడని దొరలకి కోపం. ఉదయం తొమ్మిదింటికి గడువు. తొమ్మిదీ రెండుకల్లా రాసన్ ఓడలు రాజభవనం మీద గుండ్లు కురిపించాయి. దాదాపు 38 నిమిషాల్లో అంతా అయిపోయింది. అటు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి సుమారు 500 మంది. ఇటు ఒక్క నావికుడికి గాయం. చరిత్రలో అతి చిన్న యుద్ధమని పుస్తకాలు మురిసిపోతాయి. పందిరిలో మేకని కోసి, దాన్ని వేట అన్నట్టుంది.

మరుసటి ఏడాది బెనిన్ రాజ్యం. వద్దని కబురొచ్చినా వినకుండా బయల్దేరిన ఒక బ్రిటిష్ అధికారినీ, అతని బృందంలో చాలామందినీ బెనిన్ వాళ్లు దారిలో చంపారు. బదులుగా రాసన్ 1200 మంది సేనతో వెళ్లి ఫిబ్రవరి 18న రాజధానిని పట్టుకున్నాడు. మూడు రోజులకి ఊరు తగలబడింది. నిప్పు దానంతటదే అంటుకుందట! రాజభవనంలోని ఇత్తడి ఫలకాలు, రాజుల తలలు, ఏనుగు దంతాల చెక్కడాలు మాత్రం కాలిపోకుండా ఓడలెక్కాయి. వాటిలో కొన్నింటిని దండయాత్ర ఖర్చుల కోసం అమ్మారు. ఇల్లు కాల్చినవాడు అగ్గిపెట్టె డబ్బులకి ఇంటివాళ్ల బిందెలు అమ్ముకోవడమంటే ఇదే. బెనిన్ రాజు ఓబా ఒవొన్‌రామ్‌వెన్‌ని కాలబార్‌కి వెళ్లగొట్టారు. రాసన్‌కి అదే ఏడాది ‘సర్’ బిరుదు తగిలించారు.

అన్నట్టు, ఆ బొమ్మల్ని లోకమంతా బెనిన్ కంచు అంటుంది. నిజానికి చాలామటుకు ఇత్తడే. పేరు గవర్నరు, పని రిబ్బను కత్తిరించడం అన్నట్టు.

ఆ పదవి సంగతి అదే. 1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ ఒక సమాఖ్య అయ్యాయి. పైన గవర్నర్ జనరల్ వచ్చి సిడ్నీలోని గవర్నమెంట్ హౌస్ తన కోసం తీసుకున్నాడు. రాష్ట్ర గవర్నరుకి క్రాన్‌బ్రూక్ అనే వేరే బంగళా చూపించారు. సుల్తాను భవనం కూల్చి, ఓబా భవనం ఖాళీ చేయించిన వీరుడికి చివరికి తన పదవికి చెందిన భవనమే దక్కలేదు! మంత్రులు రాసిచ్చిన ప్రసంగం చదవడం, వాళ్లు చేసిన చట్టాల మీద సంతకం పెట్టడం, పునాదిరాళ్లు తాకడం. మన శాసనసభలో ‘నా ప్రభుత్వం’ అంటూ ఎవరో రాసిన కాగితాలు చదివే గవర్నర్లని చూసినవాళ్లకి ఈ వేషం కొత్తేమీ కాదు. మనకి వారసత్వంగా వచ్చింది ఆ దొరల ఇంటినుంచే.

1908లో అమెరికా వాళ్ల పదహారు తెల్ల యుద్ధనౌకలు సిడ్నీ రేవుకొస్తే ఊరు ఊరంతా తీరానికి పరుగెత్తింది. ఒకప్పుడు కనుసైగతో ఓడలు కదిలించిన మనిషి ఏలే ఊళ్లో, ఆయన మాటకి లంగరెత్తే ఓడ ఒక్కటీ లేదు.

సిడ్నీ జనం మాత్రం మంచివాడన్నారు. ఎందుకనరు? ఫిరంగి లేని అడ్మిరల్ అందరికీ మంచివాడే. జాంజిబార్ వాళ్లనెవరూ అడగలేదు.

1909లో పదవి దిగాడు, 1910లో పోయాడు. ఓబా 1914లో ప్రవాసంలోనే కన్నుమూశాడు. ఊరేగింపుకెళ్లిన ఉత్సవ విగ్రహం ఎంత రాత్రయినా గుడికి తిరిగొస్తుంది. బెనిన్ రాజ్యపు వస్తువులు 900 పైచిలుకు ఇంకా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి.