మా రోజుల్లో చీరను చేత్తో చూసేవాళ్లం

పట్టుచీర కొంగుకు పిన్ను గుచ్చి రేటు చీటీ తగిలించే కాలం వచ్చింది. అదీ యాభై ఏళ్ల నాటి చీరకు, సరిగ్గా జరీ మీద. హైదరాబాద్ శివారు నార్సింగిలో ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఇలాంటి అమ్మకం ఉంటుంది. వింటేజ్ చీరలు, డిజైనర్ లెహంగాలు, ఎవరో ఒక్క ఫంక్షన్‌కు వేసుకుని వదిలేసిన గౌన్లు, అన్నీ స్టీలు స్టాండ్లకు వేలాడుతుంటాయి. ముసలి పట్టును అలా వేలాడదీస్తే జరీ బరువుకు నిదానంగా పిగిలిపోతుంది. అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలియదు, కొనేవాళ్లు అడగరు. పాత బట్టకు డబ్బు పెడుతున్నారని కాదు నా బాధ. పెట్టనీ, మంచిదే. చూడ్డం రాకుండా కొంటున్నారు, అదీ నా బాధ.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఇక్కడ జొన్న చేలూ బండరాళ్లూ, సాయంత్రమైతే గండిపేట మీదుగా చల్లగాలీ తప్ప ఇంకేమీ లేవు. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. 2018లో ఊరు మునిసిపాలిటీ అయింది. 2023లో మా పక్కనున్న కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. భూమికి అంత ధర వచ్చిన చోట బట్టకు రాకుండా ఉంటుందా! కానీ భూమి కొనేవాడు సర్వే నంబరు అడుగుతాడు, లింకు డాక్యుమెంట్లన్నీ వకీలుకు చూపిస్తాడు. అదే మనిషి భార్య పాతిక వేలు పెట్టి పాత చీర కొంటూ అది ఏ ఊరిదని ఒక్క మాట అడగదు.

ఆ రోజుల్లో బట్టలు కొనాలంటే పట్నం పోవాల్సిందే. మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి పత్తర్‌గట్టీకో సుల్తాన్‌బజార్‌కో ఇంకో బస్సు. దుకాణంలో తెల్లదుప్పటి వేసిన పరుపు మీద చెప్పులు విప్పి కూర్చునేవాళ్లం. షావుకారు మడత విప్పి కొంగును మా ముందు పరిచేవాడు. మా అత్తమ్మ కొంగు వైపు చూసేది కాదు. చీరను తిరగేసి వెనకవైపు చూసేది. అంచును రెండు వేళ్ల మధ్య నలిపేది. వెలుతురుకు పట్టి నేత ఎక్కడైనా పలచబడిందేమో వెతికేది. ఒక చీర కోసం పూట గడిచిపోయేది, షావుకారు విసుక్కునేవాడు కాదు. నారాయణపేట నుంచి మూట భుజాన వేసుకుని వచ్చే నేతాయన అయితే అరుగు మీదే మూట విప్పేవాడు. డబ్బు నెలనెలా వాయిదాల్లో తీసుకునేవాడు. మళ్లీ వచ్చినప్పుడు, పోయినసారి ఇచ్చిన చీర ఉతికితే ఎలా ఉందని తనే అడిగేవాడు. నేసినాయన నోటితో ఆ ప్రశ్న వినడం ఎంత భాగ్యమో ఇప్పుడు తెలుస్తోంది.

నాది గద్వాల. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేకా పట్టు అంచూ మగ్గం మీదే ఒకదాన్నొకటి పట్టుకునేలా కలుపుతారు. దాన్ని కుట్టు అంటారు గాని సూదితో పని ఉండదు. మంచి నేతగాడి చేతిలో ఆ కలిసే చోట వేలు నడిపితే సన్నని గట్టిదనం తగులుతుంది, ముడత మాత్రం పడదు. చేయి తిరగని నేత అయితే రెండు ఉతుకులకే అక్కడ గుంజుకుపోతుంది. నాకు ఇది ఎవరూ పాఠంలా చెప్పలేదు. మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్లకు వేళ్లే నేర్చుకుంటాయి. మొన్న మా కమ్యూనిటీలోనే పెట్టిన అమ్మకంలో అచ్చం అలాంటి గద్వాల చీర, ఆకుపచ్చకు కుంకుమరంగు అంచుది, ‘వింటేజ్ కంచి’ అన్న చీటీతో కనిపించింది. అమ్ముతున్న అమ్మాయిని పిలిచి, “ఇది మా గద్వాల చీరమ్మా, మధ్యలో నూలు చూడు, ఇదిగో కుట్టు” అని చూపించాను. “నిజమే కావచ్చు ఆంటీ, కంచి అంటేనే తీసుకుంటున్నారు” అంది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. మా ఊరి నేతగాళ్ల పని ఇంకో ఊరి పేరుతో అమ్ముడుపోవడం చూసి మనసు చివుక్కుమంది.

జరీ సంగతి ఇంకా అన్యాయం. పాత కాలపు అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నని వెండి తీగ, దాని మీద బంగారు పూత. సూరత్ నుంచి వచ్చేది. కంచి చీరలో పోగు కొంచెం విప్పి చూస్తే లోపల ఎర్రని పట్టుదారం కనిపిస్తుంది. తర్వాత రాగి తీగకు వెండి పూత పూసినది వచ్చింది, ఆ తర్వాత ప్లాస్టిక్ పొరకు మెరుపు పూసినది. అసలు జరీ ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది గాని చేతికి మెత్తగానే ఉంటుంది. రాగిది నల్లబడి గరగరలాడుతుంది. ప్లాస్టిక్‌ది మాత్రం ఎన్నేళ్లయినా కొన్న రోజులాగే తళతళలాడుతుంది. మరి ఇప్పుడు మా క్లబ్‌హౌస్‌లో జనం దేనికి ఎగబడతారనుకుంటున్నారు? తళతళలాడేదానికే. నిరుడు పవర్‌లూమ్ మీద నేసిన టిష్యూ చీరకు పాత మోడల్ అంచు వేసి, కాస్త నలిపి, వింటేజ్ అని పెడితే మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోతుంది. పక్కనే మసకబారిన వెండి జరీ చీర సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.

ఆ మసకబారినదాన్ని చివరికి ఎవరు కొంటారో తెలుసా? ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని గోడల మీద అంటించుకునేవాళ్లు. వాళ్లకు నేతతో పనిలేదు. చీరను కాల్చి వెండి తీసుకుంటారు. మా కాలంలోనూ ఈ బేరం ఉండేది. స్టీలు సామాన్లకు పాత బట్టలు తీసుకునే ఆడవాళ్లు వీధి వీధీ తిరిగేవాళ్లు. ఒక డబ్బాకో రెండు గిన్నెలకో అమ్మమ్మల పెళ్లిచీరలు వెళ్లిపోయిన ఇళ్లు నాకెన్నో తెలుసు. ఈ ఒక్క విషయంలో ఇప్పటి పిల్లలు మాకంటే నయం. అప్పుడు ఇంకొకరు కట్టి విడిచిన చీర కట్టడమంటే పేదరికానికి గుర్తు, పెద్దవాళ్లయితే మైల అనేవాళ్లు. ఇప్పుడు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు వేరేవాళ్ల అమ్మమ్మ చీర కట్టుకుని దర్జాగా తిరుగుతున్నారు. పొయ్యిలో పడాల్సిన చీర ఒంటి మీదికి వస్తోంది. ఆ పిల్లలను నేను చేతులెత్తి మెచ్చుకుంటాను. చూడ్డం కూడా నేర్చుకోమనే నా పోరు.

కత్తెర మాట కూడా చెప్పాలి. నిండుగా ఉన్న ఆరుగజాల చీరను కోసి లెహంగా కుడుతున్నారు, జాకెట్లు చేస్తున్నారు, దిండు గలీబులు కూడా చేస్తున్నారు. ఒళ్లంతా పిగిలిపోయి అంచొక్కటే బాగున్న చీర అయితే కోయండి, తప్పులేదు. మేమూ అంచు తీసి పిల్లల పరికిణీలకు వేసేవాళ్లం, చిరిగిన నూలు చీరలతో బొంతలు కుట్టుకునేవాళ్లం. కానీ ఒక్క పోగు తెగని చీరను ఫ్యాషన్ కోసం ముక్కలు చేయడం నేను ఒప్పుకోను. కొంగుకు సరిగ్గా ఎక్కడ రంగు మారాలో, అంచులో ఏ హంస ఎటు తిరగాలో లెక్కపెట్టి నేసిన మనిషి శ్రమ అది. ఒకసారి కోశాక ఏ రఫూ పనివాడూ తిరిగి కలపలేడు.

బయటి దేశాల్లో డిజైనర్ దుస్తులు దాచేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పారిస్‌లో కుట్టిన గౌను మెడ లోపల కుట్టినవారి పేరు ఉంటుంది. ఆ పేరు పట్టుకుని ఏ సంవత్సరం, ఏ మోడల్ అని తేల్చుకుంటారు. మార్లిన్ మన్రో 1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ పుట్టినరోజు వేడుకలో వేసుకున్న గౌను 2016 వేలంలో 48 లక్షల డాలర్లు పలికింది. 2022లో దాన్ని ఇంకొకావిడ ఒక వేడుకకు వేసుకుంటే, అంత పాత బట్టను ఒంటి మీద వేయొచ్చా అని మ్యూజియాలవాళ్లంతా గోల పెట్టారు. మన దగ్గరా అలాంటి సంపద ఉంది. నిలోఫర్ ఆసుపత్రి ఎవరి పేరు మీద ఉందో ఆ యువరాణి, ఏడో నిజాం కోడలు, చీరకట్టుతో లోకమంతా పేరు తెచ్చుకుంది. ఆమె చీరలు కొన్ని ఇప్పుడు న్యూయార్క్‌లో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియంలో ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల కోసం కట్టిన పొడవాటి టేకు అల్మారాల వరుస పురానీ హవేలీలో ఇప్పటికీ చూడొచ్చు. రాజుల బట్టలకు చరిత్ర ఉంది. మామూలు ఇంటి పెళ్లిచీరకు మాత్రం చీటీ లేదు, పేరు లేదు. పట్టుకు సిల్క్ మార్క్ వచ్చింది 2004లో, చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్ 2006లో. అంతకు ముందు చీర ఎవరిదో, ఎక్కడిదో చీరే చెప్పాలి, దాన్ని చదవడం మనకు రావాలి.

అలా చదవగలిగిన పెద్దావిడ ఒకరు మనకు పొరుగునే ఉండేవారు. టోలీచౌకీ నుంచి గచ్చిబౌలి వచ్చే దారిలో దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర సురయ్యా హసన్ బోస్ మగ్గాలు పెట్టించారు. నూలూ పట్టూ కలిపి నేసే హిమ్రూ, మష్రూ, ఇంకా పైఠణీ లాంటి మరుగున పడ్డ నేతలకు ప్రాణం పోశారు. భర్త పోయిన ఆడవాళ్లకు నేత నేర్పించి మగ్గం మీద కూర్చోబెట్టారు, వాళ్ల పిల్లల కోసం పక్కనే బడి నడిపారు. పాత గుడ్డ ముక్కలు ఆమెకు అపురూపమే. వాటిని అద్దాల పెట్టెలో పెట్టి ఊరుకోలేదు, వాటిని చూసి మళ్లీ నేయించారు. 2021లో ఆమె పోయారు. ఐటీ టవర్లకు రోజూ ఆ దారినే పోయే వేలమందికి ఆ పేరు తెలియదు. వింటేజ్ మీద ఇంత మోజున్న ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు.

నా గొణుగుడంతా చివరికి అక్కడికే వస్తుంది. పాత చీర మీద మోజు పెరిగింది, దాన్ని నేయగలిగే చేయి తగ్గిపోతోంది. దేశంలో చేనేత పనివాళ్లు 1995-96 లెక్కల్లో 65 లక్షలు. 2019-20 లెక్కకు 35 లక్షలకు వచ్చారు. పాతదంటే అంత ఇష్టమున్నవాళ్లు పుట్టపాక వెళ్లి చూడండి, మనకేం దూరం కాదు. అక్కడ తేలియా రుమాలు నేసే ఇళ్లున్నాయి. దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిదనీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఆ తర్వాతే రంగు పట్టిస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. ఆ పనికి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, 2020లో తేలియా రుమాలుకు జీఐ గుర్తింపు వచ్చింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే మేకుల చుట్టూ దారం తిప్పడానికి, ఆడవాళ్లు ఒక్కో చీరకు తొమ్మిది వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ‘మహానటి’ సినిమా కోసం సావిత్రి నాటి చీరలను మళ్లీ మగ్గం మీద నేయించారు, ఆ సినిమాకు వస్త్రాలంకరణలో జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అంటే నేర్పు ఎక్కడికీ పోలేదు. అడిగేవాళ్లు కావాలి.

పాతది కొన్నవాళ్లు దాన్ని కట్టుకోండి. హ్యాంగర్‌కు వేలాడదీయకండి, పాత మల్లు పంచెలో చుట్టి పడుకోబెట్టండి. మూడు నెలలకోసారి విప్పి నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టండి, ఎప్పుడూ ఒకే మడతలో ఉంటే అక్కడే పిగులుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, వట్టివేళ్లు వేయండి. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ఆ చీర ఎక్కడ కొన్నారో, ఎవరి పెళ్లికి కొన్నారో అడిగి ఒక కాగితం మీద రాసి చీరలోనే పెట్టండి. వాళ్లు పోయాక చెప్పేవాళ్లుండరు.

బయట కొనేటప్పుడు ముందు చీరను తిరగేసి చూడండి. ఏ ఊరి నేత, ఎవరింటి నుంచి వచ్చిందని నిలదీయండి. ఆ ఊరి పేరైనా చెప్పలేనివాళ్ల దగ్గర పాత చీర కొనకండి. అదే డబ్బు పట్టుకుని పుట్టపాకకో గద్వాలకో వెళ్లి, మగ్గం మీద ఉన్న మనిషితో మాట్లాడి కొత్తది నేయించుకోండి.