మొక్కలకు తొట్టి, మామ్మకు సీటు

మాది కడియం పక్కన నర్సరీ. మా వ్యాపారంలో ఉన్న చిక్కల్లా ఒకటే, సరుకు బతికుంటుంది. సిమెంటు బస్తాకి దారిలో దాహం వెయ్యదు. ఇనప ఊచకి ఎదురుగాలి తగిలితే ఆకులు రాలవు. మా సరుకు అలా కాదు. బయల్దేరేముందు నీళ్ళు తాగుతుంది, తాగిన నీళ్ళతో బరువెక్కుతుంది, ఎండ పడితే సొమ్మసిల్లుతుంది, గాలి కొడితే పూలన్నీ హైవే పాలు చేసి కొన్నవాడి గుమ్మంలో బోడిగా దిగుతుంది. అందుకని మొక్కలకి బండి చూడటమంటే పెళ్ళివారికి బస్సు మాట్లాడినట్టే. ఎంతమంది ఎక్కుతారన్నది కాదు, ఎవరు అలుగుతారన్నది చూసుకోవాలి.

పాత బండి పోయిన వేసవిలో తన సేవలు చాలించింది. దాని కంపెనీ పేరు చెప్పను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు, నాకేమో అబద్ధాలు రాయడం రాదు. సరే, కొత్తది కొందామని నేను నోరు తెరిచానో లేదో, మా ఆవిడ తీర్మానం ప్రవేశపెట్టేసింది. "ఏవండీ, ఈసారి కొనేది పనికీ ఉండాలి, ఇంటికీ ఉండాలి. పొద్దున్న మందారాలు ఎక్కినా, సాయంత్రం మనం ఎక్కేలా ఉండాలి." రెండు బండ్లకి రెండు వాయిదాలు కట్టే స్తోమత మనకి లేదు గనక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అసలు గొడవ సవరణల దగ్గర మొదలైంది.

మామ్మకి ముందు సీటు కావాలి, ఎక్కడానికి మెట్టు కావాలి, కిటికీ అద్దం చేత్తో తిప్పేదై ఉండాలి. మీట నొక్కితే దిగే అద్దాన్ని ఆవిడ నమ్మదు. మా అమ్మాయికి ఏసీ కావాలి. అదీ గాక, ఏ బండి కొన్నా సరే తనని కాలేజీకి రెండు సందుల ఇవతలే దించెయ్యాలి. మా డ్రైవరుది ఒకటే మాట: "తొమ్మిదడుగుల తొట్టి లేకపోతే అది బండెలా అవుద్దండి బాబుగారూ?" నన్ను ఎవరూ అడగలేదు. డబ్బు కట్టేవాణ్ణి అడగడం మా ఇంటా వంటా లేదు.

ఇంతమంది చాలనట్టు డల్లాస్ నుంచి మా బావమరిది వీడియో కాల్‌లో దిగాడు. వాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వాడి దగ్గర ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. "బావా, ఇక్కడ 1977 నుంచీ ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానం ఫోర్డ్ ఎఫ్ సిరీస్‌దే" అన్నాడు, ఆ ఫోర్డ్ వీళ్ళ నాన్నగారే అన్నంత ధీమాగా. అసలు ఫోర్డ్ కంపెనీ 1925లోనే మోడల్-టీ కారుకి వెనక పెట్టె బిగించి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా 281 డాలర్లకి అమ్మిందట. రైతులు అంతకుముందు కార్ల వెనక భాగం కోయించి సొంతంగా పెట్టెలు బిగించుకునేవారు. ఆ కష్టం చూసి కంపెనీయే ఆ పని చేసిపెట్టింది. అక్కడిదాకా కథ బాగుంది. "మరి నీ ట్రక్కులో ఏం వేస్తావురా?" అనడిగాను. కాసేపు ఆలోచించి, వినాయకచవితికి పందిరి సామాను వేశానన్నాడు. ఇంకా? ఒకసారి సోఫా. అక్కడ పికప్ తోలితే ఆసామి అంటారు. ఇక్కడ పికప్‌లో పెళ్ళికి వెళ్తే వెనక గుమ్మం చూపించి, గిన్నెలు అక్కడ దించమంటారు.

మన దేశంలో చిన్న సరుకు బండి కథ వేరు. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ డీజిల్ ఇంజను. లారీ దూరలేని సందులో దూరేది, మూడు చక్రాల ఆటో మొయ్యలేని బరువు మోసేది. దేశమంతా దాన్ని 'చోటా హాథీ' అని ముద్దుగా పిలుచుకుంది. సొంత బండికి యజమాని అవుతానని కల్లో కూడా అనుకోని కుర్రాళ్ళెందరో దాంతో ఓనర్లయ్యారు. ఆ తర్వాత 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది, 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చింది. బొలెరో పికప్ అయితే మా పక్క ప్రతి సంతలోనూ, ప్రతి చేపల చెరువు గట్టునా కనిపిస్తుంది. వీటన్నిటికీ ఒకటే వేదాంతం: మనిషి ముందు ఎలాగోలా సర్దుకుంటాడు, సరుకు మాత్రం వెనక దర్జాగా కూర్చోవాలి. నాకూ మా డ్రైవరుకీ ఇందులో అభ్యంతరం లేదు. మామ్మకుంది.

ఈలోగా మా ఆవిడ ఇసుజు వి-క్రాస్ చూసింది. అది మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. అక్కడి ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. చూడ్డానికి ఐదుగురు కూర్చునే కారు, వెనక తొట్టి. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది, తలుపు తీసి కూర్చుంది, అద్దంలో బొట్టు సర్దుకుంది. ఇక బేరం కుదిరిపోయినట్టేనని నేను గుండె చిక్కబట్టుకున్నాను. అంతలో మా డ్రైవరు జేబులోంచి టేపు తీశాడు. బండి పొడవు 5.3 మీటర్లు, అంటే పదిహేడడుగుల పైమాట. అందులో తొట్టి వాటా ఐదడుగులకి అటూ ఇటూ.

"ఇదేం లెక్కండి? పదిహేడడుగుల బండికి ఐదడుగుల తొట్టాండి?"

షోరూం కుర్రాడు నొచ్చుకున్నాడు. "ఇది లైఫ్‌స్టైల్ పికప్ అండీ" అన్నాడు.

"అంటే లోడెయ్యకూడదాండి?"

ఆ కుర్రాడి దగ్గర ఆ ప్రశ్నకి బ్రోషర్ లేదు. న్యాయంగా చెప్పాలంటే బండి తప్పేం లేదు. కొండలెక్కేవాళ్ళకి, తోటలు చూసుకుంటూ దర్జాగా తిరిగేవాళ్ళకి అది చక్కటి బండి. మా ఫాక్స్‌టెయిల్ పామ్ మొక్క కొండలెక్కదు. పడుకోబెడితే ఆరడుగులు, నిలబెడితే అటకంత. పైగా మా సందులో ఆ పొడవు బండి తిప్పాలంటే ఎదురింటివారి అరుగు కూడా మనం కొనుక్కోవాలి. టొయోటా హైలక్స్ కూడా ఇదే కోవలోది, 2022లో మన దేశానికి వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర ముప్పై లక్షల పైనే. ఆ మాట విన్నాక మా డ్రైవరు టేపు తియ్యనే లేదు.

ఇక బోర్డు రంగు దగ్గర ఇల్లు రెండుగా చీలింది. కిరాయి బండికి, సరుకు బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. సొంత వాడకం బండికి తెల్ల ప్లేటు. తెల్ల బోర్డు పెట్టుకుంటే పదిహేనేళ్ళదాకా రిజిస్ట్రేషన్ గురించి తల పట్టుకోనక్కర్లేదు, కానీ దాంతో ఎవరి సరుకూ కిరాయికి వెయ్యడానికి లేదు. పసుపు బోర్డుకి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గొడవ ఉంది. మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి బండిని తీసుకెళ్ళి చూపించాలి. మాది వ్యాపారం గనక పసుపే దిక్కు.

"పసుపు బోర్డు బండిలో మా అక్కగారింటికి ఎలా వస్తానండీ?" అంది మా ఆవిడ.

మామ్మ కల్పించుకుంది. "పసుపు శుభమేనే అమ్మాయ్. నల్ల అక్షరాలే నాకు నచ్చలేదు. కుంకం రంగులో రాయిస్తే పోలా?"

రాయిస్తే బ్రేకినస్పెక్టరుగారు పారాణి పెట్టి పంపిస్తారని చెప్పి ఊరుకోబెట్టాను. ఆయనంటే మాకు భయభక్తులు ఎక్కువ. 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడుకి జరిమానా ఇరవై వేలు, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ రెండేసి వేలు. బరువు సరిపోయినా సరే, సరుకు పక్కలకో వెనక్కో హద్దు దాటి పొడుచుకొచ్చినా ఇరవై వేలే. కొబ్బరి మొక్కకి ఈ సంగతి ఎవరు చెప్తారు? దాని ఆకు దాని ఇష్టం. అందుకే మా వాళ్ళు ఆకులన్నీ జడలా దగ్గరికి లాగి పురికొసతో కట్టి, పైన గ్రీన్‌నెట్టు కప్పి మరీ పంపిస్తారు. గాలికీ రక్షణే, బ్రేకినస్పెక్టరుగారికీ మర్యాదే.

పసుపు బోర్డుతో మా ఆవిడకి ఇంకో అనుమానం వచ్చింది. కారు నేర్చుకుని లైసెన్సు తీసుకున్న మనిషి, సరుకు బండి తోలడానికి మళ్ళీ వేరే ముద్ర వేయించుకోవాలా అని. ఈ తగువు చాలా ఏళ్ళు కోర్టుల్లో నలిగింది. చివరికి 2024 నవంబరు 6న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది: తేలికపాటి వాహనాల లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు సరుకు బండి కూడా తోలొచ్చు. మా ఇంట్లో ఏ వాదనలోనైనా గెలిచేది ఆవిడేనని తెలుసుగానీ, దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా ఆవిడ పక్షమేనని అప్పుడే తెలిసింది. మా డ్రైవరు ఆ సాయంత్రమంతా టేపు చుట్టడం, విప్పడం చేస్తూ కూర్చున్నాడు.

కరెంటు బండి సంగతి కూడా ఆలోచించాం. టాటా ఏస్‌లో అదీ ఉంది. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు, నర్సరీకి అంతకన్నా అందమైన బోర్డు ఉండదు. కానీ మా లోడ్లు విశాఖపట్నం దాకా పోతాయి. మధ్యలో ఎక్కడో బండి ఛార్జింగు తాగుతూ కూర్చుంటే వెనక గులాబీలు ఎండలో ఏం తాగుతాయి? మైలేజీ, వాయిదాలు, వడ్డీల గురించి రాయను. ఆ లెక్కలు అందరికీ తెలిసినవే, నవ్వు రాదు.

చివరికి కుదిరింది డబుల్ క్యాబిన్ సరుకు బండి. ముందు రెండు వరసల్లో ఐదుగురు, వెనక టన్నుదాకా బరువు. బొలెరో క్యాంపర్ లాంటివి ఈ జాతివే. ఊళ్ళల్లో కరెంటు పనివాళ్ళూ టవర్ల పనివాళ్ళూ మనుషుల్నీ నిచ్చెనల్నీ ఒకే బండిలో తీసుకెళ్ళడానికి వాడతారు. క్యాబిన్ పెరిగితే తొట్టి తరగక తప్పదు గనక మా డ్రైవరు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు తనే పలకలు తెచ్చి తొట్టిలో అర కట్టాడు. కింద పెద్ద కవర్లు, పైన బంతి నారు. పూజకి అన్నవరం వెళ్ళాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక, తొక్కించే హక్కు ఎవరిదన్న విషయమై డ్రైవరూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు తొక్కించారో సుప్రీంకోర్టు తీర్పు చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అయితే షోరూంలో ఎవరూ చెప్పని రహస్యం ఒకటుంది. సరుకు బండికి వెనక కమాన్ కట్టలుంటాయి. టన్ను బరువుని లెక్కేసుకుని చేసిన కట్టలవి. బరువుంటే వంగి, ఒదిగి, బండిని నెమ్మదిగా తీసుకెళ్తాయి. ఖాళీగా ఉంటే వాటికి వంగే పనే ఉండదు. చిన్న గొయ్యి తగిలినా ఆ దెబ్బ చెక్కుచెదరకుండా వెనక సీట్లోవాళ్ళ నడుముకి అందజేస్తాయి. ఏ కంపెనీదైనా ఇంతే, ఇది ఇంజినీర్ల తప్పు కాదు. మొదటిసారి ఖాళీ తొట్టితో మా వదినగారి ఊరు వెళ్ళినప్పుడు, దిగాక మా అమ్మాయి అరగంట నిలబడే ఉంది. మామ్మ మాత్రం ముందు సీట్లో కూర్చుని, అద్దం తిప్పుకుంటూ, దారి పొడుగునా గోతుల్ని వాటి వార్డు మెంబర్ల పేర్లతో సహా తిట్టింది.

దానికి విరుగుడు మా డ్రైవరే కనిపెట్టాడు. ఇప్పుడు మేం ఎవరింటికి వెళ్ళినా తొట్టిలో అరటన్ను మొక్కలు వేసుకుని వెళ్తాం. కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి నిండిన కవర్లకి బాగా నీళ్ళు పడితే బరువుకి లోటుండదు. బండి పడవలా సాగుతుంది. వెళ్ళినచోట మర్యాదకి నాలుగు మొక్కలు దించి వస్తాం. దీంతో చుట్టాల్లో మా దంపతులకి మంచి పేరొచ్చింది. ఎంత పెద్ద మనసండీ, ఎప్పుడొచ్చినా చేతిలో మొక్క లేకుండా రారు అని చెప్పుకుంటున్నారు. అది ఔదార్యం కాదు, కమాన్ కట్టలు అని నేను ఎక్కడా నోరు జారలేదు.

పేరుతో పాటు చిక్కూ వచ్చింది. ఐదు సీట్లూ ఉన్నాయి, తొట్టీ ఉంది. మండపానికి అరటిచెట్లు ఎలాగూ మేమే ఇస్తాం. కాబట్టి ముహూర్తాలు మొదలైతే చాలు, మా బండి మీదే అందరి కన్నూ. మనుషులు సీట్లలో, సారె తొట్టిలో, సారె మీద ఇంకో పదిమంది. సరుకు తొట్టిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్ళకి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి పూచీ లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మావాళ్ళకి ఆ తీర్పు వినిపిస్తే, "ఊళ్ళోకే కదా బాబాయ్" అంటారు. గోతులూ ఊళ్ళోనే ఉన్నాయి.

అందుచేత చదివేవాళ్ళలో మా చుట్టాలుంటే ఒక మనవి. అరటిచెట్లు కావాలంటే ఒక రోజు ముందు చెప్పండి, గెలతో సహా పంపిస్తాం. మామిడాకులకి డబ్బు తీసుకోం. బండి కూడా ఇస్తాం, డ్రైవరుతో సహా. కానీ తొట్టిలో మనిషి కనపడకూడదు, ఖాళీ తొట్టితోనూ పంపం. అరటన్ను మొక్కలు మీరే కొనుక్కోవాలి. మీకు హోల్‌సేల్ రేటే వేస్తాం.